ఇండెంటు దగ్గరే ఆగాల్సిన విషాలు

పసిపిల్లలు నోట్లో పెట్టుకుని చప్పరించే మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల్లో డీఈహెచ్‌పీ అనే రసాయనం ఉండకూడదని ఐరోపా సమాఖ్య 1999లో తాత్కాలికంగా, 2005లో శాశ్వతంగా ఆంక్ష పెట్టింది. అమెరికా 2008లో అదే దారి పట్టింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అయింది. పాటించాల్సిన ప్రమాణాల్లో ఈ జాతి రసాయనాల పరిమితి కూడా ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది.

అదే పిల్లవాడు ఏడో నెలలోనే, కిలోంబావు బరువుతో పుట్టాడనుకుందాం. ఎన్ఐసీయూలో, అంటే పసికందుల ఐసీయూలో, ముక్కులోంచి పొట్టలోకి వేసే పాల గొట్టం, సెలైన్ సెట్టు, వెంటిలేటర్ గొట్టాలు, అవసరమైతే ఎక్కించే రక్తపు సంచి, వీటిలో చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. పీవీసీ సహజంగా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. దాన్ని వేలికి చుట్టుకునేంత మెత్తగా చేయడానికి ఏళ్ల తరబడి ఎక్కువగా వాడుతున్నది ఆ డీఈహెచ్‌పీనే. గొట్టం బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకు పైనే అది ఉండొచ్చు. పైగా అది ప్లాస్టిక్‌తో రసాయనికంగా కలిసిపోయి ఉండదు, అణువుల మధ్య ఇరుక్కుని ఉంటుంది అంతే. కొవ్వున్న ద్రవం తగిలితే అందులోకి జారిపోతుంది. పాలు తాగలేని పసికందుకు నరం ద్వారా ఎక్కించే పోషకాల్లో కొవ్వు ఉండనే ఉంటుంది. బొమ్మను చప్పరిస్తే లోపలికి పోయేది ఎంత, రోజుల తరబడి నరంలోకి నేరుగా పోయేది ఎంత?

జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఈ రసాయనం మగ పిల్లల పునరుత్పత్తి అవయవాల ఎదుగుదలను దెబ్బతీసింది. మనుషుల్లో అంత తిరుగులేని రుజువు ఇంకా లేదు. అయినా అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే, నెలలు నిండని మగ శిశువులకు వీలైన చోట వేరే రకం పరికరాలు వాడమని ఆసుపత్రులకు సూచించింది. సూచన మాత్రమే, ఆదేశం కాదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2024లో చట్టం చేసి సెలైన్ సంచుల్లో దీన్ని 2030 నుంచి నిషేధించింది, గొట్టాలకు ఇంకొంత గడువిచ్చింది. మొత్తమ్మీద బొమ్మకూ సెలైన్ సంచికీ మధ్య పాతికేళ్ల పైచిలుకు తేడా వచ్చింది.

ఈ తేడా సైన్సు వల్ల వచ్చింది కాదు. బొమ్మ కొనేది తల్లిదండ్రులు, వాళ్లు అడుగుతారు, గొడవ చేస్తారు. గొట్టం కొనేది ఆసుపత్రి స్టోర్స్ విభాగం. ఇండెంటులో, అంటే కావాల్సిన సరుకుల పట్టీలో, సైజు, సంఖ్య, రేటు రాస్తారు. అది దేనితో చేశారో రాసే గడే ఉండదు. పిల్లవాడి తండ్రికి ఆ గొట్టం ఏ కంపెనీదో కూడా తెలియదు.

అలాగని రేపే మొత్తం ఆపేయమనడమూ తెలివితక్కువే. రక్తపు సంచుల్లో డీఈహెచ్‌పీ ఒక మేలు కూడా చేస్తోంది. అది ఎర్రకణాల పొరను గట్టిపరిచి అవి చితికిపోకుండా కాపాడుతుంది. తగిన ద్రావణంలో 42 రోజుల దాకా రక్తం నిల్వ ఉండటంలో దాని పాత్ర ఉంది. మన జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లో పీవీసీలాంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ సంచులను, గ్లోవ్స్‌ను 2019 మార్చి 27 నాటికి ఆపేయాలని చెప్పినప్పుడు రక్తపు సంచులను మినహాయించక తప్పలేదు. పాల గొట్టానికి మాత్రం అలాంటి సాకు లేదు. సిలికాన్, పాలీయురెథేన్ గొట్టాలు బజారులో ఎప్పటి నుంచో ఉన్నాయి. రేటు ఎక్కువ, అంతే. టెండర్‌లో ఎల్-1కే, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసినవాడికే, ఆర్డర్ పోతుంది కాబట్టి అవి రావు.

ఆసుపత్రిలో అయినా, బడిలో అయినా, వంటింట్లో అయినా విష రసాయనాల గురించి మనం చెప్పుకునే జాగ్రత్తలన్నీ చివరి మనిషికే చెబుతాం. నర్సుకు గ్లోవ్స్ వేసుకోమంటాం, టీచర్‌కు డబ్బా చూసుకోమంటాం, తల్లికి మంచి పసుపు కొనమంటాం. ఆ చివరి మనిషికి కంటితో చూసే వీలూ, వాసనతో పసిగట్టే వీలూ ఉండదు. ఇప్పటివరకూ ఎక్కడ ఫలితం కనిపించినా, సరుకు లోపలికి రాకముందు ఆపిన చోటే కనిపించింది.

పాదరసం సంగతే చూడండి. థర్మామీటరులో గ్రాము అటూ ఇటుగా పాదరసం ఉంటుంది. గోడకు తగిలించే పాతకాలపు బీపీ మిషన్‌లో 80 గ్రాములు, అంతకు పైనే ఉంటుంది. అది పగిలితే వార్డులో జరిగేది దాదాపు ప్రతిచోటా ఒకటే. వెండి గోళీల్లా గచ్చు మీద దొర్లుతుంటే ఆయా చీపురు తెచ్చి ఊడుస్తుంది. చీపురు తగలగానే ఒక్కో గోళీ పది ముక్కలై, మంచాల కింద, గచ్చు పగుళ్లలో దూరిపోతుంది. ముక్కలు పెరిగే కొద్దీ గాలి తగిలే మేర పెరుగుతుంది, ఆవిరి ఎక్కువవుతుంది. మామూలు గది వేడికే ఆవిరయ్యే లోహం అది. రంగు లేదు, వాసన లేదు. పీల్చిన ఆవిరిలో ఐదింట నాలుగు వంతులు ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వెళ్తాయి. ఊడ్చింది, కాల్చేసే వ్యర్థాలు వేసే పసుపు రంగు సంచిలో పడితే ఇన్సినరేటర్‌లో కాలి ఊరి గాలిలో కలుస్తుంది. సరైన పద్ధతి ఉంది. ఫ్యాన్, ఏసీ ఆపాలి, కిటికీలు తెరవాలి, అట్టముక్కతో గోళీలను దగ్గరకు తోసి సూది లేని సిరంజితో పీల్చి, నీళ్లున్న సీసాలో వేసి బిగించాలి. ముప్పై మంది రోగులున్న వార్డులో రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్క సిస్టర్ ఇదంతా చేస్తుందని నమ్మడం కష్టం.

చేయాల్సిన పని అసలు లేకుండా చేయడమే తేలిక. పాదరసం విషమై జనాన్ని బలిగొన్న జపాన్‌లోని మినమాటా విషాదం పేరు పెట్టుకున్న అంతర్జాతీయ ఒప్పందం 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. భారత్ 2018లో ధ్రువీకరించింది. పాదరసపు థర్మామీటర్లు, బీపీ మిషన్ల తయారీకీ, ఎగుమతి దిగుమతులకూ 2020ని గడువుగా పెట్టి, కావాలన్న దేశాలకు మినహాయింపులిచ్చారు. ఆసుపత్రుల నుంచి వీటిని తొలగించేందుకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో మొదలుపెట్టిన ప్రాజెక్టులోని ఐదు దేశాల్లో మనది ఒకటి.

డాక్టర్లలో కొందరి అభ్యంతరం పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. పాదరసపు మిషన్ అంటే కొలతకు కొలమానం, డిజిటల్‌ది ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది అంటారు. చవక డిజిటల్ మిషన్ల విషయంలో అది నిజమే. గడియారం ముల్లులాంటి డయల్ ఉన్న మిషన్ కింద పడితే లెక్క తప్పుతుంది. అందుకే మార్పు అంటే పాతది తీసి కొత్తది పెట్టడం ఒక్కటే కాదు. క్లినికల్‌గా పరీక్షించి ధ్రువీకరించిన మోడల్ కొనడం, ఏడాదికోసారైనా క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిచూడటం, చేయించడం కూడా అందులో భాగమే. ఈ రెండో ఖర్చును బడ్జెట్‌లో వేయని ఆసుపత్రిలో ఏడాది తిరిగేసరికి "పాతదే నయం" అన్న మాట వినిపిస్తుంది. తీసేసిన మిషన్లు ఎక్కడికి పోతున్నాయన్నది ఇంకో తలనొప్పి. పాత ఇనుప సామాను వాడికి అమ్మేస్తే విషం చిరునామా మారుతుంది, అంతే. కొడైకెనాల్‌లోని హిందుస్థాన్ యూనిలీవర్ థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడటానికి కారణం, పాదరసం అంటిన గాజు ఊళ్లోని పాత సామాను దుకాణంలో బయటపడటమే. అక్కడ పనిచేసిన 591 మందితో కంపెనీకి ఒప్పందం కుదిరేసరికి 2016 వచ్చింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలు కూడా అమెరికాలోని వాటర్‌టౌన్ నుంచి విప్పి తెచ్చినవి.

ఆపరేషన్ థియేటర్లలో సూక్ష్మజీవులను చంపడానికని వారాంతాన వేసే ఫార్మాలిన్ (నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్) పొగ ఇంకో అలవాటు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. మామూలు రోజుల్లో ఇలాంటి పొగ వేయాల్సిన అవసరమే లేదని, నేలా బల్లలూ సరిగ్గా తుడవడం, గాలి వడపోతే ముఖ్యమని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ లాంటి సంస్థలు చెబుతున్నాయి. అయినా సోమవారం పొద్దున తలుపు తీసిన థియేటర్ సిబ్బందికి కళ్లు మండటం చాలా చోట్ల పనిలో భాగమైపోయింది.

పాదరసం ఆసుపత్రి గేటు దగ్గర ఆగదు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని కిడ్నీ డాక్టర్లకు 2021, 2023 మధ్య ఒక వింత కనిపించింది. మూత్రంలో ప్రొటీన్ పోయే ఒక రకం కిడ్నీ జబ్బుతో 22 మంది వస్తే, అందులో 15 మందికి అరుదైన ఒకే రకం ఉంది. ఆ 15 మందిలో 13 మంది చర్మం తెల్లబడే క్రీములు వాడుతున్నామని చెప్పారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని పాదరసం అడ్డుకుంటుంది, అందుకే క్రీము "పనిచేస్తుంది". ఆ పనిచేయడమే ప్రమాదం. మన కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం, కంటికి వాడేవి మినహా, అనుకోకుండా కలిసే పాదరసం పది లక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. కావాలని కలిపేవాడు ఈ లెక్క చూడడు. సరుకు ఏ దేశం నుంచి, ఏ బిల్లు మీద వచ్చిందో అడిగే మనిషి ఉన్నచోటే పట్టుబడుతుంది. ఇక్కడ డాక్టర్లు "ఏం క్రీము రాస్తున్నారు?" అని ఒక ప్రశ్న అదనంగా అడిగారు కాబట్టే గుట్టు బయటపడింది.

బడి దగ్గరికొస్తే, అందరికీ గుర్తున్నది బిహార్. 2013 జులై 16న సారన్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. కూరలో వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉంది. ప్రధానోపాధ్యాయురాలికి శిక్ష పడింది. పడాల్సిందే. కానీ పంటపొలాల మధ్య ఉన్న బడులన్నింటిలోనూ అంతటి విషాన్ని లీటర్ల లెక్కన చేతికి అందేంత దూరంలో ఉంచి, ఎవరూ పొరపాటు చేయకూడదని కోరుకోవడం ఎలాంటి విధానం? గుంటూరు మిర్చి పొలాల్లో, వరంగల్ పత్తి చేలల్లో ఖాళీ మందు డబ్బా కడిగి నీళ్లకో, కిరసనాయిలుకో వాడుకోవడం కొత్త సంగతేమీ కాదు. ఆ మందు ప్రధాన రకాన్ని దశలవారీగా ఆపేయాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2023లో, ఆ 23 చావుల తర్వాత పదేళ్లకు.

బిహార్ ఘటన పేపర్లకెక్కింది. బడి గోడల మీదున్న సీసం ఏ పేపరుకూ ఎక్కదు. ఎనామిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, మెరుపు కోసమూ మన్నిక కోసమూ సీసపు లవణాలు కలిపేవారు. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అది ఇళ్ల పెయింట్లకు, అలంకరణ పెయింట్లకు మాత్రమే వర్తిస్తుంది. ఇనుప గేటుకు, ఆటస్థలంలో ఊయల గొట్టాలకు పరిశ్రమల పెయింటు తెచ్చి వేస్తే ఆ పరిమితి అడ్డురాదు.

అసలు ప్రమాదం 2017కు ముందు వేసిన పొరల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి కింద వేలాది బడులకు మరమ్మతులు చేసి రంగులు వేశారు. అవసరమైన మంచి పనే. కొత్త రంగు పట్టాలంటే పాతది గీకాలి. పొడిగా గరుకు కాగితం పెట్టి కిటికీ చట్రాలు రుద్దితే లేచే దుమ్ములో, ఆ పెయింటులో సీసం ఉంటే, సీసమూ ఉంటుంది. అది కిటికీ గట్టు మీద, బెంచీల మీద, వరండాలో పేరుకుంటుంది. మధ్యాహ్నం పిల్లలు ఆ వరండాలోనే కూర్చుని అన్నం తింటారు. నీళ్లు చల్లుతూ తడిగా రుద్దడం, కింద పట్టా పరచడం, సెలవుల్లోనే పని ముగించి తడిగుడ్డతో తుడవడం, ఇంతే కావాల్సింది. పెద్ద ఖర్చు కూడా కాదు. అంచనాల పుస్తకంలో "పాత పెయింటు తొలగింపు, చదరపు మీటరుకు ఇంత" అన్న వరుస పక్కన "తడిపి" అన్న మాట చేరిస్తే కాంట్రాక్టర్ చేయాల్సి వస్తుంది. చేర్చకపోతే చేయడు, చేయమని హెడ్‌మాస్టర్ బతిమాలినా చేయడు.

పిల్లల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, మింగిన సీసంలో పెద్దవాళ్ల శరీరం పదో వంతు పట్టుకుంటే పిల్లల శరీరం దాదాపు సగం పట్టుకుంటుంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఇనుము తక్కువైన ఒంట్లో మరింత ఎక్కువ ఇంకుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉన్న దేశం మనది. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వేసిన అంచనాలో, డెసిలీటర్ రక్తానికి 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉన్న పిల్లలు ప్రపంచంలో 80 కోట్లు, అందులో 27.5 కోట్ల మంది మన దేశంలోనే. జ్వరం రాదు, దద్దుర్లు రావు. పిల్లవాడు లెక్కల్లో వెనకబడతాడు, కుదురుగా కూర్చోడు, "మొద్దు" అనిపించుకుంటాడు.

ఇక వంటింట్లో పసుపు. బంగ్లాదేశ్‌లో 1980ల్లో వరదలకు తడిసి రంగు మాసిన కొమ్ములకు మెరుపు తేవడానికి లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూయడం మొదలైంది. బడి కిటికీకి వేసిన పసుపు పెయింటులో ఉండేదీ అదే. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ అనే ఆరోగ్య పరిశోధన సంస్థల పరిశోధకులు గర్భిణుల రక్తంలోని సీసం ఎక్కడిదా అని వెతుకుతూ వెళ్లి పసుపు దగ్గర తేలారు. 2019లో అక్కడి ఆహార భద్రతా సంస్థ ఢాకాలోని శ్యాంబజార్ టోకు మార్కెట్ మీద పడింది. ఎక్స్‌రేలతో లోహాలను పసిగట్టే, తుపాకీలా చేత్తో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ యంత్రంతో అక్కడికక్కడే పరీక్షించి, సరుకు పట్టుకుని, వ్యాపారులకు జరిమానా వేసింది. ఆ ఏడాది నూటికి 47 నమూనాల్లో సీసం ఉంటే, 2021కి ఒక్కదానిలోనూ లేదు. మిల్లు కార్మికుల రక్తంలో సీసం దాదాపు మూడో వంతు తగ్గింది. కోట్లాది గృహిణులకు అవగాహన సదస్సులు పెట్టి సాధించింది కాదు ఇది. పాలిష్ పట్టే మిల్లులు, టోకు వ్యాపారులు గుప్పెడు మందే. అక్కడ బిగించారు.

మన దగ్గర నిబంధన ఉంది. పసుపులో సీసం 10 పీపీఎం మించకూడదు, లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదు. 2024లో వెలువడిన ఒక అధ్యయనం భారత్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లోని 23 నగరాల్లో పసుపు కొని చూస్తే పట్నా, గువాహటి నమూనాల్లో సీసం పరిమితిని ఎన్నో రెట్లు దాటింది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డులున్న మనకు దీనితో పని లేదనుకోవడం కుదరదు. పసుపు ఎక్కడ పండినా పాలిష్ ఎక్కడో, పొడి ఇంకెక్కడో అవుతుంది. కొనేవాడు మెరిసే కొమ్ముకు ఎక్కువ రేటు కట్టినన్నాళ్లూ మెరుపు పూసేవాడికి పని దొరుకుతూనే ఉంటుంది. నిజామాబాద్‌లో 2025లో మొదలైన జాతీయ పసుపు బోర్డు యార్డులో ఒక ఎక్స్‌ఆర్ఎఫ్ యంత్రం పెట్టి, "సీసం లేదు" అన్న చీటీకి రేటు పలికేలా చేస్తే రైతుకూ లాభమే.

అలా లాభం దారిలో వచ్చిన మార్పు అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో కళ్లముందే ఉంది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, లక్క కర్రను ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. లక్కలో కలిపే రంగు రసాయనమా, మొక్కల నుంచి తీసిందా అన్నదే తేడా. మధ్యలో రసాయన రంగులు వచ్చి చేరాయి, చవక కదా మరి. అక్కడి కళాకారుడు సి.వి. రాజు ఏళ్ల తరబడి గింజలు, బెరళ్లు, ఆకులతో ప్రయోగాలు చేసి మొక్కల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయితే ఐఎస్ఐ మార్కును తప్పనిసరి చేసిన బొమ్మల నాణ్యతా ఉత్తర్వు నుంచి ఇలాంటి గుర్తింపు ఉన్న హస్తకళలను మినహాయించారు. చిన్న కళాకారుడు ల్యాబ్ ఫీజులు కట్టలేడు కాబట్టి ఆ మినహాయింపు న్యాయమే. కానీ దాని నీడలో రసాయన రంగు బొమ్మ కూడా "సహజం" అని అమ్ముడుపోవచ్చు. కళాకారుల తరఫున ప్రభుత్వమే ఏటా కొన్ని నమూనాలు పరీక్ష చేయిస్తే ఇద్దరికీ మంచిది.

పరీక్ష అనగానే ఏలూరు గుర్తుకు రావాలి. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఆ ఊళ్లో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛపోయారు, ఫిట్స్ వచ్చాయి, ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని చెప్పింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూరగాయల్లో, రక్తంలో పురుగుమందుల అవశేషాలు చూసింది. చాలామంది ఒక్క రోజులోనే తేరుకుని ఇళ్లకు వెళ్లారు. సీసం చేసే పని అలా ఉండదు, ఒంట్లో చేరితే అంత త్వరగా వదలదు. మరి ఆ రక్తంలో సీసం ఎక్కడిది? ఆ వారమే వచ్చిందా, ఏళ్లుగా అందరి ఒంట్లోనూ ఉన్నదే ఆ వారం బయటపడిందా? చెప్పాలంటే అంతకుముందు ఏలూరు జనం రక్తంలో ఎంత ఉందో ఎవరైనా కొలిచి ఉండాలి. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయాక, పిల్లల రక్తంలో సీసాన్ని క్రమం తప్పకుండా కొలిచే ఏర్పాటు ఏదీ రాలేదు. 2013 నుంచి బడి పిల్లలను పరీక్షిస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 రకాల సమస్యల కోసం చూస్తుంది. ఆ జాబితాలో సీసం లేదు.